పొగ తగ్గించే కట్టెల పొయ్యిలు: వండే మనిషికి ఏది పనికొస్తుంది?

కట్టెలతో, బొగ్గుతో వండేవాళ్ల కోసం వస్తున్న మెరుగైన పొయ్యిల్లో ముఖ్యమైనవి నాలుగు రకాలు: రాకెట్ పొయ్యి, గ్యాసిఫయర్ పొయ్యి, పొగగొట్టం ఉన్న కట్టుడు పొయ్యి, మట్టి గూడు ఉన్న బొగ్గుల కుంపటి. నాలుగింటినీ దాదాపు ఒకే మాట చెప్పి అమ్ముతారు: అడవి మిగులుతుంది, పొగ తగ్గుతుంది, ఆడవాళ్ల శ్రమ తగ్గుతుంది. ఈ మూడూ ఒకేసారి జరగడం అరుదు. ఒక పొయ్యిని ఎవరు, ఏ బాధ తీర్చడానికి చేశారో తెలిస్తే అది ఏడాది తర్వాత కూడా వెలుగుతుందో, మూలన పడుతుందో చాలావరకు ముందే చెప్పవచ్చు.

తీర్పు ముందే చెప్పేస్తాం. గ్యాసో కరెంటో నమ్మకంగా అందే ఇంటికి ఈ నాలుగూ రెండో ఎంపికే. అవి అందనిచోట, పుల్లలు ఏరుకుని వండేవాళ్లకు రాకెట్ పొయ్యి, బొగ్గు కొనుక్కునేవాళ్లకు మట్టి గూడు కుంపటి మంచివి. గ్యాసిఫయర్ మంచి యంత్రమే గానీ, తగిన ఇంధనం ఎప్పుడూ దొరికే ఇంట్లోనే అది నిలుస్తుంది. పొగగొట్టం పొయ్యి మంచిచెడ్డలు కట్టిన చేతిలోనూ, మసి దులిపే చేతిలోనూ ఉంటాయి.

రాకెట్ పొయ్యి

దీని సూత్రాలను 1980లలో అమెరికాలోని అప్రోవెచో పరిశోధన కేంద్రంలో ల్యారీ వినియార్‌స్కీ తీర్చిదిద్దాడు. ఆకారం ఇంగ్లిషు ‘ఎల్’ అక్షరంలా ఉంటుంది. కింద అడ్డంగా పుల్లలు దూర్చే నోరు, దాని చివర నుంచి నిలువుగా లేచే మంట గొట్టం. ఇంటి పొయ్యికి గొట్టం వ్యాసం 10 నుంచి 12 సెంటీమీటర్లు, ఎత్తు దానికి సుమారు మూడు రెట్లు. పొగ అంటే మండకుండా తప్పించుకున్న ఇంధనమే కాబట్టి, బాగా వేడెక్కిన గొట్టంలో కాస్త దూరం ప్రయాణించేలోపు అది కూడా మండిపోతుంది. గొట్టం పొట్టిదైతే ఆ అవకాశం ఉండదు, మసి గిన్నె అడుగున పేరుకుంటుంది. మరీ పొడవైతే గిన్నెను చేరేలోపే వేడి తగ్గిపోతుంది.

కొనేటప్పుడు మొదట చూడవలసింది గొట్టం చుట్టూ ఏం నింపారన్నది. తేలికగా, లోపల గాలి ఖాళీలతో ఉన్న పదార్థం కావాలి. బూడిద, ప్యూమిస్ రాయి, వర్మిక్యులైట్, లేదా బంకమట్టిలో రంపపు పొట్టు కలిపి కాల్చిన తేలిక ఇటుక పనికొస్తాయి. బరువైన మట్టో రాయో సిమెంటో ఉంటే మంట పెట్టిన చాలాసేపటిదాకా వేడిని గోడలే తాగేస్తాయి. బరువుగా ఉంది కాబట్టి గట్టిదనుకుని కొంటే నష్టపోయేది అక్కడే. మంట తగిలే గొట్టం మామూలు ఇనప రేకుదైతే ఆ వేడికి పొరలు పొరలుగా రాలిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఎక్కువ కాలం నిలుస్తుంది. కాల్చిన మట్టి గూడు తుప్పు పట్టదు గానీ దెబ్బ తగిలితే, మంట మీద నీళ్లు ఒలికితే పగులుతుంది. గూడు ఒక్కటే మార్చుకునే వీలుందో లేదో కనుక్కోకుండా డబ్బు కట్టకండి.

నోట్లో ఒక రేకు పలక ఉండాలి. పుల్లలు పలక మీద, గాలి పలక కింద. చూడటానికి ఇది చిన్న ముక్కే గానీ, అది లేని రాకెట్ పొయ్యికీ మామూలు పొయ్యికీ పెద్ద తేడా ఉండదు. పలక వంగినా, పోయినా పుల్లలు నోరంతా కమ్మేసి గాలిని ఆపేస్తాయి. “మొదట్లో బాగానే ఉండేది, ఇప్పుడు పొగ వస్తోంది” అని ఎవరైనా అంటే ముందు ఈ పలకనే చూడాలి, తర్వాత అడుగున పేరుకున్న బూడిదను.

వెలిగించే తీరు ఇదీ. గొట్టం అడుగున గుప్పెడు ఎండు చిదుగులు వేసి అంటించాలి. అవి పట్టుకున్నాక 2 నుంచి 4 సెంటీమీటర్ల మందం ఉన్న పుల్లలు రెండో మూడో, కొనలు మాత్రమే మంటలో ఉండేలా తోయాలి. పుల్లకూ పుల్లకూ మధ్య వేలెడు సందు ఉంచాలి. మంట పెంచాలంటే ఇంకో పుల్ల పెట్టాలి, తగ్గించాలంటే ఒకటి వెనక్కి లాగాలి. నోరు సగానికి మించి నింపకూడదు. గిన్నె చుట్టూ సుమారు 10 మిల్లీమీటర్ల సందుతో రేకు కంచె పెడితే వేడిగాలి గిన్నె పక్కలను రాసుకుంటూ పోతుంది, ఇంధనం బాగా కలిసొస్తుంది. కాకపోతే ఆ కంచె ఒకే కొలత గిన్నెకు సరిపోతుంది. రోజుకు నాలుగు రకాల గిన్నెలు ఎక్కించే ఇంట్లో దాన్ని కొన్నాళ్లకు తీసి పక్కన పెట్టేస్తారు.

ఎంత ఆదా అవుతుందో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. 5 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి మరుగు దాకా తేవడానికి సుమారు 1.57 మెగాజౌళ్ల వేడి కావాలి. గాలికి ఆరిన కట్టె కిలోకు దాదాపు 16 మెగాజౌళ్లు ఇస్తుంది. అందులో 15 శాతమే గిన్నెలోకి చేర్చే మూడురాళ్ల పొయ్యికి 650 గ్రాముల కట్టె పడుతుంది. 30 శాతం చేర్చే రాకెట్ పొయ్యికి 330 గ్రాములు చాలు. అయితే పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి. ముందు ఆ నీళ్లు ఆవిరి కావాలి, అందాకా మంట చల్లారుతూ పొగలు కక్కుతుంది. చీల్చిన పుల్లలను నేలకు ఎత్తుగా, గాలి ఆడేలా పేర్చి, వాన తగలకుండా కొన్ని నెలలు ఆరబెట్టాలి. ఈ ఒక్క పని చేస్తే ఏ పొయ్యిలోనైనా పొగ తగ్గుతుంది.

ఎండుకట్టె దొరకడం ఇంటి ఓపిక మీద మాత్రమే ఆధారపడదు. ఎండిన కొమ్మలు ఏరుకునే హక్కు ఉన్నచోట తీరిగ్గా ఏరి, మోసుకొచ్చి, ఆరబెట్టుకుంటారు. అడవిలో అడుగుపెడితేనే నేరమైనచోట చేతికందినది నరికి త్వరగా బయటపడాలి. ఆ తొందరలో వచ్చేది పచ్చి కట్టే. పొయ్యి ఎంత మంచిదైనా అటవీ చట్టాన్ని దాటి మండలేదు.

చీల్చే పని సంగతీ పెట్టె మీద రాయరు. మూడురాళ్ల పొయ్యి మొద్దునైనా తింటుంది. మూడు మొద్దుల కొనలు కలిపి పెట్టి, వేరే పని చూసుకుని వచ్చి ముందుకు తోస్తే సరి. రాకెట్ పొయ్యికి మొద్దును పుల్లలుగా చీల్చాలి, ఐదు పది నిమిషాలకోసారి తోస్తూ దగ్గరే ఉండాలి. కట్టె ఆదా అవుతుంది, చేతి పని పెరుగుతుంది. గొడ్డలి పని మగవాళ్లదిగా సాగే ఇంట్లో ఆయన చీల్చి పెట్టని రోజు రాకెట్ పొయ్యి వెలగదు, మూడురాళ్లే వెలుగుతాయి. పొయ్యి వాడకం పడిపోయిందని చెప్పే నివేదికలు తరచూ దీన్ని ‘అలవాటు మారకపోవడం’ కింద రాసేస్తాయి. వండే మనిషి ఆ రోజు చేసింది మాత్రం ఉన్న కట్టెకు తగిన పొయ్యిని ఎంచుకోవడం.

అడవి లెక్క ఎక్కడినుంచి వచ్చింది

1973లో చమురు ధరలు ఎగిసినప్పుడు ప్రపంచం దృష్టి ఇంధనం మీద పడింది. ఆ వెంటే, కట్టెలతో వండే పేదలే అడవుల్ని ఖాళీ చేస్తున్నారన్న భయం అంతర్జాతీయ నివేదికల్లోకి ఎక్కింది. లెక్క చాలా తేలిక: తలకు ఇన్ని కిలోల కట్టె, ఇంత జనాభా, అడవి ఏటా పెరిగేది ఇంత, కాబట్టి ఇన్నేళ్లలో చెట్టు మిగలదు. మెరుగైన పొయ్యిల మొదటి పెద్ద పథకాలు ఈ భయంలోనే పుట్టాయి. భారత ప్రభుత్వం 1980లలో మొదలుపెట్టి 2002 దాకా నడిపిన జాతీయ మెరుగైన పొయ్యిల పథకం కూడా ఆ కాలపుదే.

లెక్కలో లోపం ఏమిటంటే, వంటకట్టెలో చాలా భాగం రాలిన కొమ్మలు, గట్ల మీది చెట్లు, పంట మోళ్ల నుంచి వస్తుంది. అడవులు ఎక్కువగా పోయేది సాగుకూ పశువుల మేతకూ భూమి చదును చేసినప్పుడు. 2015లో నేచర్ క్లైమేట్ ఛేంజ్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ప్రపంచంలో కొట్టిన వంటచెరకులో తిరిగి పెరిగేదాన్ని మించి తీసినది 27 నుంచి 34 శాతం. అది కూడా దక్షిణాసియా, తూర్పు ఆఫ్రికాల్లోని కొన్ని చోట్ల గుమిగూడి ఉంది. అలాంటి చోట పొయ్యి మార్పు చెట్టుకు నిజంగా మేలు చేస్తుంది. మిగతా చోట్ల చెట్టు పేరు చెప్పి, తల మీద మోపు ఉన్న ఆడమనిషిని దోషిగా నిలబెట్టినట్టవుతుంది.

దీనికి ఎదురుగా ఇంకో కథనం ఉంది: ఆడవాళ్లు పుట్టుకతోనే ప్రకృతికి దగ్గర, అడవిని వాళ్లే కాపాడతారని. వినడానికి గౌరవంగా ఉన్నా దాని బరువు కూడా వాళ్ల నెత్తినే పడుతుంది. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ 1992లోనే దీన్ని కాదన్నారు. మనిషికి ప్రకృతితో ఉండే సంబంధాన్ని ఆ మనిషి ఏ పని చేస్తుంది, భూమి ఎవరి పేర ఉంది, ఎవరి మాట చెల్లుతుంది అన్నవే నిర్ణయిస్తాయని ఆమె వాదన. కట్టె తెచ్చేది ఇంటి ఆడమనిషే కాబట్టి ఏ చెట్టు కట్టె పొగ తక్కువ, ఏది నిప్పుకణిక నిలుపుతుంది అన్నది ఆమెకు తెలుస్తుంది. 1977లో కెన్యాలో వంగారీ మాథాయ్ మొదలుపెట్టిన గ్రీన్ బెల్ట్ ఉద్యమం ఆ తెలివిడిని నమ్ముకునే సాగింది. కట్టె, నీళ్లు దూరమైపోతున్నాయని చెప్పిన ఆడవాళ్లే నారు పోసి మొక్కలు పెంచారు.

కట్టె కోసం వెళ్లే దారే ప్రాణాపాయమైనప్పుడు పొయ్యి కొలమానం ఇంకా మారుతుంది. సూడాన్‌లోని డార్ఫుర్‌లో శిబిరాల నుంచి కట్టెల కోసం బయటికి వెళ్లిన ఆడవాళ్ల మీద దాడులు, అత్యాచారాలు జరిగాయి. బయటికి వెళ్లే సార్లు తగ్గించాలని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో అశోక్ గాడ్గిల్ బృందం బర్క్‌లీ-డార్ఫుర్ పొయ్యిని చేసింది. ఈ సమీక్షలో ప్రస్తావించిన వాటిలో వండే మనిషిని చూసి గీసిన పొయ్యి అంటే ఇదే. ఎడారి గాలికి మంట చెదరకుండా పైన వాలు అంచు ఉంది. అక్కడి గుండ్రటి గిన్నె కూర్చునేలా, గిన్నెకూ గోడకూ మధ్య సన్నటి సందు మిగిలేలా లోపల గాట్లు ఉన్నాయి. చిక్కటి పిండిని బలంగా తిప్పేటప్పుడు ఒరగకుండా కాళ్లు, ఎక్కువ కట్టె కుక్కకుండా చిన్న నోరు ఉన్నాయి. పొయ్యితో దాడులు ఆగవు, ఆ పని చేయవలసింది వేరేవాళ్లు. వారానికి ఒక నడక తగ్గినా ఆ మేరకు ముప్పు తగ్గుతుంది, ఆ పొయ్యి తూకం అదే.

గ్యాసిఫయర్

ఇది పైనుంచి అంటించే పొయ్యి. నిలువు డబ్బాలో ఇంధనం నింపి పై పొరను మాత్రం వెలిగిస్తారు. వేడికి కింది పొరల నుంచి వాయువులు లేస్తాయి, పైన వరసగా ఉన్న చిల్లుల నుంచి వచ్చే రెండో గాలితో కలిసి అవి మండుతాయి. చిన్న ఫ్యాను ఉన్న నమూనాల్లో మంట నీలి ఛాయకు దగ్గరగా, పొగ దాదాపు కనపడనంతగా ఉంటుంది. ప్రయోగశాలలో కట్టెతో మండే పొయ్యిలన్నిటిలోకి తక్కువ మసి వచ్చేది ఇందులోనే.

ఇబ్బంది ఇంధనంతోనే. ముక్కలు పొట్టిగా, ఒకే కొలతలో, బాగా ఎండి ఉండాలి. పెల్లెట్లు, అంటే పొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న గుళికలు, అయితే శ్రేష్ఠం. పొడుగు ముక్కల మధ్య పెద్ద సందులు మిగిలితే మంట ఒక పక్కగా కిందికి జారి గుప్పున పొగ లేస్తుంది. డబ్బా ఒక్కసారే నింపాలి. మధ్యలో పైన కొత్త ముక్కలు వేస్తే అవి వాయువు వదిలేలోపు మంట ఆరిపోయి పొగ కమ్ముతుంది. వంట ఇంకో ఇరవై నిమిషాలు ఉండగా ఇంధనం అయిపోతే గిన్నె దించి, డబ్బా ఖాళీ చేసి, మళ్లీ నింపి వెలిగించాలి. పసిపిల్ల ఏడుస్తున్న వంటింట్లో ఇది ఎవరూ చేయరు. చివర మిగిలే బొగ్గుల దశలో పొగ కనపడదు గానీ కంటికి కనపడని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. పొగ లేదని తలుపు మూయకూడదు. బొగ్గును మూత ఉన్న ఇనప డబ్బాలోకి ఒంచి గాలి తగలకుండా ఆర్పితే మళ్లీ వాడుకోవచ్చు. ఫ్యాను, బ్యాటరీ, ఛార్జింగ్ తీగ, ఈ మూడింటిలో ఏది పోయినా పొయ్యి మూలకే. బాగుచేసేవాళ్లు దగ్గర లేకపోతే కొనవద్దు.

పొగగొట్టం పొయ్యి

గొట్టం పొగను చంపదు, బయటికి పంపుతుంది. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటే పక్కింటి కిటికీలోకి పంపుతుంది. అయినా వండే మనిషి కళ్లకూ ఊపిరితిత్తులకూ కలిగే ఉపశమనం నిజం. గ్వాటెమాలాలో కిర్క్ స్మిత్ బృందం 534 ఇళ్లలో చేసిన ప్రయోగ ఫలితాలు 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. గొట్టం పొయ్యి ఉన్న ఇళ్లలో పిల్లలకు తగిలే కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గింది, తీవ్రమైన న్యుమోనియా తగ్గింది, మొత్తం న్యుమోనియాలో మాత్రం గట్టిగా చెప్పదగినంత తగ్గుదల తేలలేదు. పొగ సగం తగ్గితే జబ్బు సగం తగ్గదు. చాలా కిందికి దిగితేనే పెద్ద మేలు కనపడుతుంది.

ఆ ఇళ్లలో పొయ్యిలను క్రమం తప్పకుండా చూసి బాగుచేశారు. అలా చూసేవాళ్లు లేనిచోట ఏమవుతుందో ఒడిశా అధ్యయనం చూపింది. ఆర్థికవేత్తలు హన్నా, డుఫ్లో, గ్రీన్‌స్టోన్ 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది, తర్వాత ఆ తేడా మాయమైంది. నాలుగేళ్లు చూసినా ఆరోగ్యంలోగానీ, ఇంధన వాడకంలోగానీ మెరుగుదల తేలలేదు. పొయ్యిలు విరిగాయి, సరిగా వాడలేదు, మరమ్మతు జరగలేదు.

గొట్టం పొయ్యి చెడిపోయే వరస దాదాపు ఎప్పుడూ ఒకటే. వంపు దగ్గర మసి పేరుకుంటుంది, లాగుడు తగ్గుతుంది, పొగ నోటి నుంచి వెనక్కి వస్తుంది. గిన్నె గుంతకు సరిపోకపోతే ఆ సందులోంచి ఇంట్లోకి పొగ. పై టోపీ ఊడితే వాననీరు గొట్టంలోంచి దిగి పొయ్యి మట్టిని కరిగిస్తుంది. కాబట్టి గొట్టం వీలైనంత నిటారుగా ఉండాలి, వంపు తప్పకపోతే అక్కడ తీసి ఊడ్చే మూత ఉండాలి, కప్పు మీద మసి దులిపే పని ఎవరిదో కట్టకముందే తేల్చుకోవాలి. ఆడవాళ్లు ఇంటికప్పు ఎక్కకూడదన్న పట్టింపు ఉంటే, ఆ గొట్టం శుభ్రత వంట చేయని మనిషి చేతికి వెళ్లిపోతుంది. అలాంటి ఇంట్లో నేల మీద నిలబడి ఊడ్చుకునే నమూనానే కొనాలి.

మట్టి గూడు కుంపటి

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. 1980లలో వ్యాపించిన కెన్యా సెరామిక్ జికో మంచి నమూనా. నడుము సన్నగా ఉన్న రేకు తొడుగు, పై సగంలో చిల్లులున్న మట్టి గూడు, అడుగున బూడిద గది, గాలికి చిన్న తలుపు. ఊళ్లోని రేకు పనివాళ్లు, కుమ్మరులే చేస్తారు కాబట్టి గూడు పగిలితే గూడొక్కటే మార్చుకోవచ్చు. బొగ్గు డబ్బు పెట్టి కొనేవాళ్లకు ఆదా వెంటనే చేతిలో కనపడుతుంది, ఇది నిలదొక్కుకోవడానికి పెద్ద కారణం అదే. కట్టెబొగ్గుకు పొగ రాదు గానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. మూసిన గదిలో, ముఖ్యంగా రాత్రి చలికి, పెట్టుకుంటే ప్రాణం తీస్తుంది.

చీటీ మీది అంకెలు, డబ్బు సంచి

పొయ్యి మీద ‘టియర్’ అంకె ఉంటే అది 2018లో వచ్చిన ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 19867 ప్రమాణాల తరగతి. 0 నుంచి 5 దాకా ఉంటుంది, పెద్దది మేలు. సామర్థ్యానికీ, మసికీ, కార్బన్ మోనాక్సైడ్‌కూ, భద్రతకూ, మన్నికకూ వేర్వేరు అంకెలు ఉంటాయి. ఒక్క అంకె మాత్రమే చూపిస్తే మిగతావి అడగాలి. సామర్థ్యంలో 4, మసిలో 1 వచ్చిన పొయ్యి కట్టెకు మంచిది, ఊపిరికి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో పెట్టిన లక్ష్యం ప్రకారం గొట్టం లేని పొయ్యి నుంచి సన్నటి రేణువులు నిమిషానికి 0.23 మిల్లీగ్రాములు మించకూడదు. మామూలు కట్టెతో దీన్ని అందుకునే పొయ్యిలు చాలా అరుదు. ప్రయోగశాల పరీక్షలో ఎండిన, ఒకే కొలత కట్టెను నేర్పరి మండిస్తాడని గుర్తుంచుకోవాలి. 2020లో ఇంటి పొగ వల్ల సుమారు 32 లక్షల మంది చనిపోయారని ఆ సంస్థ అంచనా. ఆ అంకె ముందు పొయ్యి చీటీని కొంచెం పట్టుదలగా చదవడం మన బాధ్యత.

కొనుగోలు దగ్గర మళ్లీ ఇంటి పెత్తనం అడ్డొస్తుంది. బంగ్లాదేశ్‌లో గ్రాంట్ మిల్లర్, ముష్ఫిక్ మొబారక్ చేసిన అధ్యయనంలో ఆరోగ్యానికి మేలైన పొయ్యిని ఆడవాళ్లు ఎక్కువగా కోరుకున్నారు, డబ్బు కట్టాల్సి వచ్చేసరికి కొనే అధికారం వాళ్ల చేతిలో లేదు. అమ్మేవాళ్లు మొత్తం ధర ఒక్కసారి అడగకుండా వారం వారం చిన్న వాయిదాలు పెడితే, ఆమె చేతిలో ఆడే డబ్బుతోనే కొనగలదు. దుకాణం ఎంచుకునేటప్పుడు ఇది అడగండి.

కొన్ని పొయ్యిలు కార్బన్ క్రెడిట్ల సొమ్ముతో, అంటే పొయ్యి వల్ల తగ్గిన కాలుష్యాన్ని లెక్కగట్టి కంపెనీలకు అమ్మగా వచ్చే డబ్బుతో, చవగ్గానో ఉచితంగానో వస్తాయి. తీసుకోవడంలో తప్పు లేదు, లెక్క మాత్రం తెలిసి ఉండాలి. 2024లో నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో వచ్చిన విశ్లేషణ, పరిశీలించిన పథకాలకు నిజమైన తగ్గింపు కన్నా సగటున 9.2 రెట్లు ఎక్కువ క్రెడిట్లు దక్కాయని తేల్చింది. పొయ్యిని రోజూ వాడుతున్నారని ఎక్కువ చేసి రాయడం, పాత పొయ్యి పక్కనే వెలుగుతోందని రాయకపోవడం అందులో పెద్ద కారణాలు. మీ ఇంటికి సర్వే మనిషి వస్తే పాత పొయ్యి కూడా వాడుతున్నామని దాచకుండా చెప్పండి, ఎందుకు వాడుతున్నారో కూడా చెప్పండి. పెద్ద గిన్నె పట్టదని, ఒలికితే ఆరిపోతుందని, చీకట్లో వెలుతురు ఇవ్వదని చెబితేనే తర్వాతి నమూనా మారే అవకాశం ఉంటుంది.

డబ్బు కట్టేముందు అమ్మేవాళ్ల దగ్గరే ఒక పూట వంట చేసి చూడాలి. వండే మనిషే వెళ్లాలి, ఇంట్లోని అతి పెద్ద గిన్నె, ఇంట్లో ఉన్న కట్టె తీసుకెళ్లాలి, కొట్లో పెట్టిన ఎండు పుల్లలతో కాదు. చన్నీళ్లతో మొదలుపెట్టి మరిగేదాకా ఎన్నిసార్లు పుల్ల తోయాల్సి వచ్చిందో చూడాలి. నిండు గిన్నెను గరిటెతో బలంగా తిప్పితే పొయ్యి కదలకూడదు. మంట తగ్గించి అరగంట సన్నగా ఉడికించాలి, చాలా పొయ్యిలు తేలిపోయేది ఇక్కడే. చివరగా తెల్లటి గుడ్డతో గిన్నె అడుగు తుడవాలి. నల్లగా అంటితే ఆ మసిలో కొంత వండినవాళ్ల ఊపిరిలోకీ వెళ్లిందని లెక్క. పలక, గూడు, నిప్పుల కింది జల్లెడ విడిగా అమ్ముతారా అని అడిగి, అవి ఆ రోజే కొట్లో కనపడితేనే పొయ్యి తీసుకోండి.